లాసన్స్ బే కాలనీలో 1986 నాటి ఇల్లు: ఉన్న 12 లక్షలు ముందు దేనికి పెట్టాలి?

లాసన్స్‌బే పాతిల్లు:

అందరికీ నమస్కారం. మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. డాబా ఎక్కితే సముద్రం కనిపించేంత దగ్గర. మా నాన్నగారు 1986లో కట్టించిన ఇల్లు. ఒకటే అంతస్తు, సుమారు వెయ్యి చదరపు అడుగులు. హాలు, రెండు పడగ్గదులు, వంటిల్లు, దాన్ని ఆనుకుని దేవుడి గది, వెనక వరండా. నాన్నగారు ఇప్పుడు లేరు. అమ్మ, నేను, మావారు, ఇంటర్ చదివే మా బాబు ఉంటున్నాం.

ఇల్లు ఒకసారి పూర్తిగా బాగుచేయించుకుందామని మావారి పీఎఫ్ డబ్బు, నా చీటీ డబ్బు కలిపి 12 లక్షలు సిద్ధం చేసుకున్నాం. ఇంతకు మించి పెట్టలేం, అప్పు చేసే ఉద్దేశం లేదు. ఒక ఇంటీరియర్ డిజైనర్‌ని పిలిపించాం. ఆయన త్రీడీ బొమ్మలు వేసి చూపించారు. చాలా బాగున్నాయి, కాదనను. ఆయన చెప్పిన పనులు ఇవి: మొజాయిక్ ఫ్లోరింగ్ తవ్వేసి నాలుగడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయడం, హాలుకీ పడగ్గదులకీ లైట్లతో ఫాల్స్ సీలింగ్, వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్, టేకు కిటికీలు తీసేసి అల్యూమినియం స్లైడింగ్, మాడ్యులర్ కిచెన్, టీవీ గోడకి ప్యానెలింగ్. అన్నీ కలిపి 11 లక్షల 40 వేలు.

నన్ను తొలుస్తున్న విషయం వేరే ఉంది. హాల్లో సముద్రం వైపు మూలన శ్లాబు పెచ్చులు ఊడిపడుతున్నాయి. రెండు చోట్ల చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి, ఎర్రగా తుప్పు పట్టి. అమ్మ గదిలో కిటికీ పైన సన్‌షేడ్ అంచు కూడా విరిగింది. డిజైనర్‌ని అడిగితే "పుట్టీ పెట్టేసి కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇంక కనిపించదు మేడం" అన్నారు. మావారికి అది సరిపోయింది. నాకు సరిపోలేదు. ఆ మూల కిందే బాబు చదువుకునే బల్ల ఉండేది, జరిపేశాను.

అమ్మ మొజాయిక్, కిటికీలు తీయొద్దంటోంది. నాన్న దగ్గరుండి వేయించినవని ఆమె బాధ. మావారు పాత సామాను మీద మమకారం పెట్టుకుంటే ఎలా అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. సముద్రం పక్కన ఇల్లు బాగుచేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలే వద్దు?

సాగర్‌నగర్ ఫ్లాటు:

నమస్తే అండీ. శ్లాబు గురించి నాకు తెలియదు గానీ, కిటికీలు, వంటిల్లు గురించి చెప్పగలను. మా ఫ్లాటు తూర్పు ముఖం, ఎదురుగా అడ్డం ఏమీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా హాల్లో బిల్డర్ పెట్టిన అల్యూమినియం స్లైడింగ్ ఉండేది. అద్దం పగలకముందే నీళ్లు కింద ట్రాక్ నిండి ఇంట్లోకి పొంగాయి. ఆ తర్వాత అద్దం పోయింది. ఆ పగలంతా మేము మధ్య బాత్రూమ్‌లో కూర్చున్నాం, పిల్లలు చిన్నవాళ్లు. అదే అంతస్తులో పడమర వైపు ఫ్లాట్లవాళ్లకి ఇంత నష్టం జరగలేదు. తుపాను దాకా ఎందుకు, మామూలు ఈదురు వానకే స్లైడింగ్ ట్రాక్‌లోంచి నీళ్లు వస్తాయి. రెక్క బయటికి తెరుచుకుని, మూసినప్పుడు చుట్టూ రబ్బరు బిగుసుకునే రకం కిటికీ అయితే వాన నిలుస్తుంది. తర్వాత మేము యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్)లో ఆ రకమే పెట్టించాం. లోపల గాల్వనైజ్డ్ స్టీలు ఉందో లేదో కోసి చూపించమన్నాను. స్టీలు లేని చట్రం పెద్ద కిటికీకి పనికిరాదు. గ్లాసు టఫెన్డ్ (గట్టిపరిచిన రకం) అని బిల్లులో రాయించుకోండి, గ్లాసు మూలన ముద్ర కూడా చూడండి. స్క్రూలు, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువి కాకపోతే రెండు వానాకాలాల్లో ఎర్ర చారలు కారతాయి.

మీ టేకు కిటికీలు గట్టిగా ఉంటే నేనైతే ముట్టుకోను. మీ అమ్మగారి మాట మమకారం మాత్రమే కాదండీ. 1986 నాటి టేకు మళ్లీ కొనాలంటే ఈ రోజు ధర చూసి మీ వారే వెనక్కి తగ్గుతారు.

వంటిల్లు విషయానికొస్తే, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు (చెక్క పొట్టు, పొడి అతికించి చేసే పలకలు) మన ఊరి గాలికి ఉబ్బుతాయి. సింకు కింద అర మొదట పోతుంది. ప్లైవుడ్ తీసుకుంటే ఐఎస్ 710 (భారత ప్రమాణం నంబరు) అని ముద్ర ఉన్నది తీసుకోండి, అది నీటికి ఆగే రకం. ఐఎస్ 303 ముద్ర ఉన్నవాటిలో ఎక్కువగా దొరికేది ఎంఆర్ రకం. అది కాస్త చెమ్మకి ఆగుతుంది గానీ నీళ్లకి ఆగదు. షాపువాడు రెంటినీ వాటర్‌ప్రూఫ్ అనే అమ్ముతాడు. మా అత్తగారింట్లో గట్టు కింద కడప రాళ్లతో అరలు కట్టి, బయటికి తలుపులు మాత్రమే చెక్కవి పెట్టారు. చూడ్డానికి మాడ్యులర్‌లాగే ఉంటుంది. చెదలు లేదు, ఉబ్బడం లేదు. తలుపు పాడైతే తలుపే మార్చుకుంటారు.

పెదవాల్తేరు సైట్ సూపర్‌వైజర్:

అమ్మా, ముందు మీ హాలు మూల సంగతి. ఆ భాగం కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి, పడుకోనివ్వకండి. బల్ల జరిపి మంచి పని చేశారు. నేను ఈ తీరంలోనే, భీమిలి నుంచి గాజువాక దాకా, పాత ఇళ్ల మరమ్మతులు చేయించే పనిలో ఉన్నాను. మీ ఇంటి లాంటివి చాలా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

శ్లాబు లోపలి చువ్వకి చుట్టూ ఉన్న సిమెంటే రక్ష. సిమెంటులోని క్షారం వల్ల చువ్వ మీద ఒక పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలి లోపలికి ఇంకి ఆ క్షారాన్ని చంపేస్తుంది. పైగా సముద్రపు గాలిలో ఉప్పు. డాబా మీద నీళ్లు నిలిస్తే ఆ ఉప్పుని లోపలికి అవే మోసుకెళ్తాయి. చువ్వ తుప్పు పడితే అసలు ఇనుము కంటే రెట్టింపుకి పైగా చోటు కావాలి. ఆ ఉబ్బే కిందున్న కాంక్రీటుని తోసి పెచ్చులుగా రాలుస్తుంది. అంటే పెచ్చు ఊడిన రోజున జబ్బు మొదలవలేదు, అప్పటికే చాలా ముదిరింది. ఊడిన చోటు పక్కన కూడా తుప్పు ఉంటుంది, కనిపించదు అంతే.

మీ నాన్నగారు కట్టించిన రోజుల్లో శ్లాబు చువ్వల కింద 15 మిల్లీమీటర్ల కవరింగ్ (చువ్వని కప్పి ఉంచే కాంక్రీటు మందం) చాలనేవారు. 2000లో సవరించిన ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం) ప్రకారం సముద్ర తీరంలో బయటికి తెరిచి ఉన్న కాంక్రీటుకి 45 మిల్లీమీటర్లు కావాలి. తేడా చూడండి. మీ ఇల్లు కట్టినవాళ్ల లోపం కాదిది, అప్పటి పద్ధతి అది.

ఇప్పుడు పుట్టీ సంగతి. పెచ్చు ఊడిన చోట పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) గానీ జిప్సం గానీ పెడితే, చెమ్మ తగిలినప్పుడు అదే చువ్వని ఇంకా తింటుంది. ఫాల్స్ సీలింగ్ వేయాలంటే శ్లాబుకి రంధ్రాలు వేసి ఫాస్టెనర్లు (బిగింపు మేకులు) దిగగొడతారు. బలం పోయిన కవరింగ్‌లో వాటికి పట్టు ఎక్కడిది? సరే, పట్టు దొరికిందే అనుకుందాం. పైన పెచ్చు రాలితే జిప్సం బోర్డు మీద పడి ఉంటుంది, మీకు తెలియదు. తెలిసేసరికి బోర్డుతో సహా కిందికొస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లాడు, పెద్దావిడ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మీ వారిని దయచేసి ఒప్పించండి. శ్లాబు బాగుచేసి, ఒక వానాకాలం చూశాక కావాలంటే ఫాల్స్ సీలింగ్ వేసుకోండి. నన్నడిగితే పది అడుగుల ఎత్తున్న గదికి, వేసవి ఉక్కపోతకి, అది లేకపోతేనే హాయి.

రెండోది ఇంకా ముఖ్యం. వంటింటి గోడ. ఆ రోజుల్లో ఒక అంతస్తు ఇళ్లు చాలావరకు పిల్లర్లు లేకుండా 9 అంగుళాల ఇటుక గోడల మీదే శ్లాబు వేసి కట్టారు. అలాంటి ఇంట్లో మధ్య గోడ తీయడమంటే శ్లాబు కింద కాలు తీసేయడమే. మీరే చూసుకోవచ్చు. గోడ మందం టేపుతో కొలవండి. మూలల్లో పిల్లర్లు, శ్లాబు కింద బీములు ఉన్నాయేమో చూడండి. ప్లాను కాగితాలుంటే బయటికి తీయండి. 9 అంగుళాల గోడ అయి, పైన బీము లేకపోతే ఓపెన్ కిచెన్ ఆలోచన మానుకోండి. నాలుగున్నర అంగుళాల గోడ అయినా స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా సుత్తి తగలనివ్వకండి. అంతగా వెలుతురు కావాలంటే, లింటెల్ (ఖాళీ పైన బరువు మోసే చిన్న దూలం) వేసి మూడడుగుల వెడల్పున ఒక కిటికీ లాంటి ఖాళీ పెట్టించుకోవచ్చు, అదీ ఇంజినీరు సరే అంటేనే. త్రీడీ బొమ్మ గీసే సాఫ్ట్‌వేరుకి ఏ గోడ బరువు మోస్తోందో తెలియదమ్మా.

శ్లాబు పని ఎలా చేయాలంటే, ముందు చిన్న సుత్తితో శ్లాబు అడుగు అంతా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నంత మేర సుద్దతో గీత గీయించండి. ఒక చోట కాంక్రీటు చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం కొడితే, క్షారం బతికి ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి మారుతుంది, చచ్చిన చోట రంగు మారదు. చువ్వల దాకా రంగు మారకపోతే తుప్పు మిగతా గదుల్లోకీ రావచ్చని అర్థం. ఈ పరీక్షలు ఖరీదైనవి కావు. ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో అడిగి చూడండి.

తర్వాత సరుగుడు బాదులో జాకీలో పెట్టి శ్లాబుని మోయించాలి. వదులు కాంక్రీటు కొట్టేయాలి. చువ్వ కింద మాత్రమే కొడితే చాలదు, చువ్వ వెనక వేలు దూరాలి. తుప్పు ఆగి మంచి ఇనుము కనిపించేదాకా పొడవునా కొట్టుకుంటూ పోవాలి. ఇక్కడే చాలామంది మేస్త్రీలు కనిపించినంత వరకే కొట్టి సిమెంటు మెత్తేస్తారు. అలా మెత్తిన చోటు బాగానే ఉంటుంది, దాని అంచు పక్కనే మళ్లీ ఊడుతుంది. చువ్వని వైరు బ్రష్‌తో మెరిసేలా రుద్ది, జింకు ప్రైమర్ పూసి, సన్నబడిన చువ్వ పక్కన కొత్తది కట్టి, పాలిమర్ కలిపిన మోర్టారు (సిమెంటు, ఇసుక ముద్ద) పొరలు పొరలుగా పెట్టాలి. పెద్ద మేర అయితే కింద షట్టరింగ్ (పలకల అచ్చు) కట్టి మైక్రో కాంక్రీటు (సన్న రాయితో జారుగా ఉండే కాంక్రీటు) పోయాలి. తర్వాత తడుపు. ఆ తడుపు మీద నిర్లక్ష్యం చేస్తే పెట్టిందంతా వృథా.

కింద ఎంత చేసినా పైన డాబా మీంచి నీళ్లు దిగుతుంటే లాభం లేదు. డాబా గొట్టాలు మూసి, పిట్టగోడల మధ్య రెండు అంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి చూస్తారు. మీ శ్లాబుకి మాత్రం ఈ పరీక్ష మరమ్మతు పూర్తయ్యాకే, ముందు కాదు. ఇప్పుడు అంత బరువు పెట్టకూడదు. పాత గచ్చు మీద ఇంకో పొర, ఆ పైన టైల్స్ వేయించే అలవాటు కూడా మంచిది కాదు, బరువు పెరుగుతుంది. పాతది తీసి, వాటం (నీళ్లు పోయే వాలు) సరిచేసి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. మన ఊళ్లో జూన్‌లో మొదలైన వాన నవంబరు దాకా విడవదు, తుపానుల భయం అక్టోబరు, నవంబరుల్లోనే ఎక్కువ. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మే లోపు ముగించండి.

నా అంచనాలో శ్లాబు, డాబా, సన్‌షేడ్లకి మూడు నాలుగు లక్షలు పక్కన పెట్టుకోవాలి. ఆ తర్వాత వైరింగ్. 1986 నాటి వైర్లయితే మొత్తం మార్చేయండి. ఏసీకి, గీజరుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చు), కొత్త ఎర్తింగ్. ఇనుప నీళ్ల గొట్టాలు గోడల్లో ఉంటే అవీ మార్చాలి. ఇవన్నీ అయ్యాకే వంటిల్లు, రంగులు. గోడలు నెమ్ము ఆరకుండా పుట్టీ పెట్టనివ్వకండి, ఉప్పు పొంగి పొలుసులుగా లేచిపోతుంది.

సీతమ్మధార గృహిణి:

మొజాయిక్ గురించి ఒక్క మాట. మాదీ పాత మొజాయిక్కే, నల్ల మచ్చలు పడి మసకబారితే తీసేద్దామనుకున్నాం. చివరికి పాలిష్ పట్టించాం. మిషన్‌కి గరుకు రాయి నుంచి మొదలుపెట్టి నున్నటి రాయి దాకా మార్చుకుంటూ అరగదీస్తారు. మధ్యలో గుంటలకి అదే రంగు సిమెంటు నింపుతారు. చివర్న ఆగ్జాలిక్ ఆమ్లంతో మెరుపు. ఎర్ర, పసుపు, నలుపు రాళ్లు కొత్తగా వేసినట్టు తేలాయి. మా మామగారు ఆ రోజు చెప్పులు లేకుండా ఇల్లంతా తిరిగారు, మొహంలో ఆ సంతోషం చూడాలి.

ఖర్చు కొత్త టైల్స్‌లో చిన్న వంతు. తవ్వితే ఇల్లంతా ధూళి, శిథిలాలు పారబోయడానికి ట్రాక్టరు. తవ్వకుండా పైనే టైల్స్ వేస్తే నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద కోయాలి, గడప దగ్గర తట్టుకుంటారు. పెద్దావిడకి నున్నటి విట్రిఫైడ్ మీద నీళ్లు పడితే జారే భయం కూడా ఉంది.

పాలిష్ పట్టేటప్పుడు వచ్చే బురద నీళ్లు బాత్రూమ్ గొట్టంలోకి తోయనివ్వకండి. గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. బకెట్లతో బయటికి ఎత్తించండి. ఇంకొకటి, ఈ పని శ్లాబు మరమ్మతు, వైరింగ్, అన్నీ అయ్యాక, రంగులకి ముందు చేయించుకోండి.

లాసన్స్‌బే పాతిల్లు:

అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. పెదవాల్తేరు సార్ రాసింది మావారికి చదివి వినిపించాను. నిచ్చెన వేసుకుని ఆయనే సుత్తితో తట్టి చూశారు. హాల్లో సముద్రం వైపు సగం దాకా డొల్లగా మోగింది, అమ్మ గదిలో కిటికీ పక్క కొంత. వంటింటి గోడ కొలిస్తే ప్లాస్టరింగ్‌తో కలిపి పది అంగుళాలుంది, పైన బీము లేదు. గోడ తీసే మాట ఆయనే వద్దన్నారు. డిజైనర్‌గారికి ఫోన్ చేసి ప్రస్తుతానికి ఆపమని చెప్పాం. స్ట్రక్చరల్ ఇంజినీరు ఈ ఆదివారం వస్తున్నారు.

అమ్మకి మొజాయిక్ ఉంటుందని చెప్పాను. వెంటనే లేచి కిటికీల సంగతేంటని అడిగింది. చెక్క బాగానే ఉంది సార్, కానీ మధ్యలో నిలువు చువ్వలు తుప్పు పట్టి సన్నబడ్డాయి, బందులు కిర్రుమంటున్నాయి. ఏం చేయమంటారు?

ఇంకో రెండు సందేహాలు. ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి మొత్తం శ్లాబు పనికి ఒకే ముద్దగా రేటు చెప్పాడు, ఒప్పుకోవచ్చా? మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, పనికి అవే వాడతామంటున్నాడు.

పెదవాల్తేరు సైట్ సూపర్‌వైజర్:

మంచి నిర్ణయం తీసుకున్నారమ్మా. మీ వారికి నా నమస్కారం చెప్పండి, నిచ్చెనెక్కి స్వయంగా చూసుకున్నందుకు.

కిటికీల చట్రాలు కదిలించకండి. రెక్కలు విప్పించి పాత రంగు గీకించి, బందులు, గడియలు ఇత్తడివి వేయించండి. ఇత్తడి పచ్చబడుతుంది గానీ తుప్పు పట్టి బిగుసుకోదు. చువ్వలకి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే మీ దూరానికి 316 రకం అడగండి. మామూలుగా దొరికే 304కి సముద్రపు గాలిలో గోధుమ రంగు మరకలు వస్తాయి, నెలకోసారి మంచినీళ్లతో కడిగితే తగ్గుతాయి. ఖరీదు ఎక్కువనిపిస్తే సముద్రం వైపు కిటికీలకి 316, వెనక వైపు వాటికి 304 పెట్టుకోండి.

బోరు నీళ్లు వద్దే వద్దు. మోర్టారు కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు. మనం ఉప్పుతోనే కదా పోరాడుతున్నది. చువ్వలున్న కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 లోనే ఉంది. నాలుకకి ఉప్పగా తగిలే బోరు నీళ్లు చాలాసార్లు ఆ హద్దు దాటేస్తాయి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచండి. చాలకపోతే మంచినీళ్ల ట్యాంకరు తెప్పించండి. ఇసుక కూడా నది ఇసుకేనని చూసుకోండి, బీచ్ ఇసుక కలిపి తెచ్చేవాళ్లు ఉన్నారు.

ఒకే ముద్దగా రేటు ఒప్పుకోకండి. కొట్టి చూస్తే తప్ప తుప్పు ఎంత దూరం పాకిందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ముద్ద రేటయితే అతను తక్కువ కొట్టడానికే చూస్తాడు. చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకోండి. కొట్టడం పూర్తయ్యాక, మోర్టారు పెట్టకముందు, టేపు పట్టి మీరూ అతనూ కలిసి కొలిచి రాసుకోండి. చువ్వలు బయటికి కనిపిస్తున్నప్పుడు ప్రతి చోటా ఫొటో తీయండి. ఇంజినీరుగారు ఆ దశలో ఒకసారి వచ్చి చూసేలా ముందే మాట్లాడుకోండి, ఆయన సరే అన్నాకే ప్రైమర్ డబ్బా మూత తీయనివ్వండి. ఆదివారం ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయండి, చువ్వల సైజు, దూరం రాస్తే మోర్టారా మైక్రో కాంక్రీటా అన్నది మాట్లాడుకుందాం.